నాలుగు నెలల్లో ఫుల్ మారథాన్ కుదురుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వయసు 36, బరువు 84 కిలోలు, ఉండేది విజయవాడ, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ఏడాదిగా రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తున్నారు. పరుగు మాత్రం కాలేజీ రోజుల తర్వాత మళ్లీ లేదు. ఇప్పుడు ఏప్రిల్. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి, అంటే 42 కిలోమీటర్లకి, పేరివ్వాలని ఉంది, ఆఫీసులో అందరికీ చెప్పేశారు కూడా. ఎలా మొదలుపెట్టాలి, ఏం తినాలి, ఏ బూట్లు కొనాలి అని అడిగారు. నాన్నగారికి 55 ఏళ్లకే స్టెంట్ వేశారని చివర్లో ఒక ముక్క అనేసి వదిలేశారు.

సూటిగా జవాబు: ఈ ఆగస్టుకి ఫుల్ వద్దు. టెన్ కె కి, అంటే పది కిలోమీటర్ల పరుగుకి, పేరివ్వండి. ఏడాది చివర్లో ఒక హాఫ్, అంటే 21 కిలోమీటర్లు. ఫుల్ వచ్చే ఏడాది డిసెంబరులోనో, ఆ తర్వాత జనవరిలోనో. దాదాపు ఇరవై నెలలు పడుతుంది. చాలా ఎక్కువ అనిపిస్తుందని తెలుసు. నాకూ అనిపించింది, అందుకే దెబ్బతిన్నాను. ఆ సంగతి కింద చెబుతాను.

నా గురించి రెండు మాటలు. నాకు 53. బ్యాంకు ఉద్యోగం, హైదరాబాద్‌లో కాపురం. 39వ ఏట పరుగు మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు ఫుల్‌లు అయ్యాయి. వేగంలో ఎప్పుడూ వెనక బెంచీయే, నా బెస్ట్ 4 గంటల 38 నిమిషాలు. కోచ్‌ని కాదు, డాక్టర్ని అసలే కాదు. మా కాలనీ గ్రూపులో ఆదివారాలు కొత్తవాళ్లతో పాటు పరిగెత్తే పని నాకు అప్పగించారు, కాబట్టి మీలాంటి ఉత్సాహవంతుల్ని చాలామందిని చూశాను. వాళ్లలో ఊపిరి చాలక ఆగిపోయినవాళ్లు తక్కువ. కాలు నొప్పితో ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

కారణం ఇదీ. రోజూ నడిచే అలవాటు ఉన్న మనిషికి గుండె, ఊపిరి ఆరేడు వారాల్లోనే పరుగుకి అలవాటు పడతాయి. "అరె, ఈజీగానే ఉందే" అనిపిస్తుంది. అప్పుడే దూరం పెంచేస్తాం. కానీ ఎముకలు, మడమ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే పట్టీ) అంత తొందరగా గట్టిపడవు. కొత్త భారం పడినప్పుడు ఎముక ముందు తనలోని పాత భాగాన్ని కొంత కరిగించుకుని, ఆ తర్వాత కొత్తది నింపుకుంటుంది. కరగడం వారాల్లో అయిపోతుంది, నింపడానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక మామూలుకంటే బలహీనంగా ఉంటుంది. పాత గోడ కూల్చి కొత్త గోడ లేవకముందే పైన స్లాబు పోసినట్టన్నమాట.

దానికి మీ లెక్క కలపండి. పరుగులో ఒక్కో అడుగు నేలకు తగిలినప్పుడు కాలి మీద శరీర బరువుకి రెండు మూడు రెట్ల భారం పడుతుంది. 84 కిలోలంటే అడుగడుక్కీ 170 నుంచి 250 కిలోలు. కొత్తవాళ్లు కిలోమీటరుకి వెయ్యికి పైగా అడుగులు వేస్తారు. ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు. అంటే సుమారు యాభై వేల అడుగులు.

నా కథ ఇక్కడ చెప్పాలి. 39లో మొదలుపెట్టిన నేను పద్నాలుగు వారాల్లో ఫుల్ పరిగెత్తించే ప్లాన్ ఒకటి ఇంటర్నెట్‌లో దొరికితే దాన్ని గోడకి అతికించుకున్నాను. ఎనిమిదో వారానికి 24 కిలోమీటర్లు చేసేశాను. తొమ్మిదో వారంలో ఎడమ కాలి ముందు ఎముక మీద, సరిగ్గా ఒక్క చోట, వేలితో నొక్కితే ప్రాణం లేచిపోయే నొప్పి. బామ్ రాసుకుని పరిగెత్తాను. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనపడలేదు, ఇంకో వారం పరిగెత్తాను. చివరికి ఎంఆర్‌ఐలో స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడింది. ఎముకలో సన్నటి చీలిక. మొదటి రెండు మూడు వారాల్లో ఇలాంటివి ఎక్స్‌రేలో తరచుగా కనపడవని అప్పుడు తెలిసింది. మూడు నెలలు పరుగు లేదు. "ఎవరు తరుముతున్నారని అంత పరుగు?" అని మా ఆవిడ అప్పట్లో అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నాన్నగారికి 55కే గుండెజబ్బు అంటే అది మీ ఫైల్లో రాయాల్సిన విషయం. బూట్లు కొనేముందే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోండి. ఇంటి చరిత్ర చెప్పి, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), ఎకో (గుండె స్కాన్) అవసరమా అని డాక్టర్నే అడగండి. పరిగెత్తేటప్పుడు ఛాతీ బిగుసుకోవడం, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగిపోవాలి. ఆగి, "గ్యాస్ అయి ఉంటుంది" అనుకోకూడదు. మా గ్రూపులో ఒకాయన ఎత్తు ఎక్కిన ప్రతిసారీ ఛాతీలో మంట అంటూ మూడు వారాలు యాంటాసిడ్ మింగారు. నాలుగో వారం యాంజియోగ్రామ్ చేయించారు, రెండు బ్లాకులు. ఇప్పుడు బాగున్నారు, మాతోపాటే నడుస్తున్నారు.

డాక్టర్ సరే అన్నాక, మొదటి ఎనిమిది వారాలు ఇలా చేయండి. వారానికి నాలుగు రోజులు, వీలైనంతవరకు రోజు మార్చి రోజు. పది నిమిషాలు నడక, ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా అరగంట. వారం వారం పరుగు భాగాన్ని కొద్దిగా పెంచుతూ, నడక తగ్గిస్తూ పోతే జూన్ నాటికి నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక దాకా వస్తారు. ఇక్కడే ఆగిపోయి, ఇదే పద్ధతిలో టెన్ కె పూర్తి చేసినా తప్పేం లేదు. మధ్యలో నడవడం ఓటమి అనుకునేవాళ్లుంటారు. అమెరికా తరఫున ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే ఈ పరుగు–నడక పద్ధతితోనే ఎంతోమంది మామూలు మనుషుల చేత మారథాన్లు చేయించాడు. నేను కూడా నా మొదటి ఫుల్ అలాగే చేశాను. వరుసగా మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించండి. కొత్త గోడ లేవడానికి కాస్త వీలు దొరికేది ఆ వారంలోనే.

ఎంత వేగంగా పరిగెత్తాలి అని అడుగుతారు, అందరూ అడుగుతారు. ఫోన్‌లో ఇంట్లోవాళ్లతో కూరగాయల లిస్టు మాట్లాడగలిగినంత నెమ్మదిగా. బెండకాయలు అరకిలో, టమాటాలు కిలో, అని ఆయాసం లేకుండా పూర్తి వాక్యం రావాలి. రాకపోతే వేగం ఎక్కువైనట్టు. పక్కనుంచి ఎవరో పెద్దావిడ నడుస్తూ మిమ్మల్ని దాటిపోవచ్చు. దాటనివ్వండి. దూరం పెంచేయడం ఒక తప్పైతే, కొత్తవాళ్లు చేసే ఇంకో పెద్ద తప్పు వేగం. ప్రతి రోజూ పరీక్ష రాస్తున్నట్టు పరిగెత్తుతారు. స్మార్ట్‌వాచీలో స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టడం ఈ జబ్బుని ఇంకా పెంచింది.

ఆ నాలుగు రోజులు కాక వారానికి రెండు సార్లు ఇంట్లోనే పావుగంట గుంజీలు తీయండి, మెట్టు అంచున నిలబడి మడమలు లేపి దించండి. పిక్కలు, తొడలు, పిర్రలు బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఇది బోరు కొట్టే పని కాబట్టి ఎవరూ చేయరు. చేసినవాళ్లు ఫిజియో దగ్గర తక్కువగా కనపడతారు.

ఇక బెజవాడ ఎండలు. మీ ప్లాన్‌లో అసలు చిక్కు ఇదే, మీరు దాని ఊసే ఎత్తలేదు. మే నెలలో మీ దగ్గర తెల్లవారుజామున కూడా చెమట కారే వేడి ఉంటుంది, కృష్ణ పక్కన గాలిలో తేమ సరేసరి. ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. అందుకే జనవరిలో సుఖంగా పరిగెత్తిన వేగానికే మే నెలలో గుండె దడదడలాడుతుంది. ఒళ్లు వేడికి అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రెండు వారాలు దూరం పెంచకండి. నాలుగున్నరకి బయలుదేరి, సూర్యుడు పైకి రాకముందే ఇంటికి చేరండి.

మీతో పరిగెత్తేవాళ్లెవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ అనే అనుకోండి. చెమట ఇంకా పడుతూనే ఉండవచ్చు, దాన్ని చూసి మోసపోకండి. 108కి ఫోన్ చేయించి, బండి వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, చల్లటి నీళ్లు కుమ్మరించి గాలి కొట్టండి. ముందు చల్లబరచాలి, మిగతావన్నీ తర్వాత.

నీళ్ల విషయంలో రెండు వైపులా తప్పు జరుగుతుంది. అసలు తాగనివాళ్లు కొందరు, కనపడిన ప్రతి టేబుల్ దగ్గరా రెండేసి గ్లాసులు దించేవాళ్లు కొందరు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది. నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలోని ఈ ఉప్పు పలచబడుతుంది. పరుగులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవాళ్లలోనూ, నెమ్మదిగా పరిగెత్తేవాళ్లలోనూ ఇది ఎక్కువ. అంటే మనలాంటివాళ్లలోనే. దాహం వేసినప్పుడు తాగండి. మీ లెక్క తెలుసుకోవాలంటే గంట పరుగుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. పరుగు తర్వాత ఉప్పేసిన మజ్జిగకి మించింది నాకు ఇంకా దొరకలేదు. ఓఆర్‌ఎస్ వాడితే పొడి ప్యాకెట్ కొని, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. డబ్బాల్లో తియ్యటి డ్రింకులని ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడకూడదంది.

బూట్ల మీద ఎక్కువ రాయను, ఎందుకంటే ఇంటర్నెట్ నిండా అదే. రన్నింగ్ కోసం తయారైన మామూలు జత చాలు, నాలుగైదు వేలలో దొరుకుతుంది. సాయంత్రం వెళ్లి కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే గోరు నల్లబడి ఊడుతుంది. కార్బన్ ప్లేటు ఉన్న ఇరవై వేల బూట్లు మీకూ వద్దు, నాకూ వద్దు. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చేయండి. బూటుకంటే ఎక్కువమంది మర్చిపోయేది బనీను. దూరం పెరిగాక కాటన్ బనీను తడిసి ఛాతీ దగ్గర ఒరుసుకుని రక్తం వస్తుంది. వాజిలిన్ రాసుకోండి లేదా బ్యాండ్ ఎయిడ్ అంటించుకోండి. నవ్వకండి, స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది.

తిండి గురించి. గంటలోపు పరుగుకి ప్రత్యేకంగా ఏమీ తినక్కర్లేదు. అరటిపండు ఒకటి చాలు. అన్నం మానేసి పరిగెత్తుతానని మాత్రం అనకండి, ఈ మధ్య అదొక పిచ్చి మొదలైంది. దూరపు పరుగుకి నడిపించేది ఆ అన్నమే. పప్పు, గుడ్లు, పెరుగు పెంచండి, మన భోజనంలో తక్కువయ్యేది ప్రోటీన్. ఫుల్‌కి వెళ్లేసరికి లెక్క మారుతుంది. పరిగెత్తే మనిషి కిలోమీటరుకి, తన ఒంటి బరువులో కిలోకి సుమారు ఒక కేలరీ ఖర్చు పెడతాడు. మీరు అప్పటికి 75 కిలోలకి వచ్చారనుకుంటే 42 కిలోమీటర్లకి మూడు వేల పైచిలుకు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం రెండు వేల కేలరీల దగ్గర అయిపోతుంది. మిగతాది కొవ్వు నుంచి రావాలి, అది నిదానంగా వస్తుంది. 30, 32 కిలోమీటర్ల దగ్గర ఉన్నట్టుండి కాళ్లు సీసం పోసినట్టు అయిపోవడానికి కారణం ఇదే. రన్నర్లు దీన్నే "వాల్" అంటారు. దాన్ని వెనక్కి జరపాలంటే మొదట్లో నెమ్మదిగా వెళ్లాలి, దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తింటూ ఉండాలి. జెల్ (రన్నర్ల కోసం చిన్న ప్యాకెట్లలో అమ్మే తియ్యటి పేస్టు) కావచ్చు, అరటిపండు కావచ్చు, బెల్లం ముక్క, ఖర్జూరం కావచ్చు. ఏదైనా లాంగ్ రన్‌లో, అంటే ప్రాక్టీసులోని దూరపు పరుగులో, ముందే తిని చూసుకోవాలి. రేసు రోజు కొత్తది ఏదీ నోట్లో పెట్టకూడదు. ముంబైలో నా రెండో ఫుల్‌కి ఎవరో ఇచ్చిన జెల్ తిని 28వ కిలోమీటరు నుంచి టాయిలెట్లు వెతుక్కుంటూ పరిగెత్తాను.

నొప్పుల్లో ఏది పట్టించుకోవాలి? రెండు కాళ్లకీ సమానంగా, కండరాల్లో, మర్నాడు లేచేసరికి ఉండే పీకుడు మామూలే. ఒకే కాలికి, ఒకే చోట, వేలితో చూపించగలిగే నొప్పి, పరిగెత్తేకొద్దీ పెరిగే నొప్పి, కుంటించే నొప్పి, ఇవి మామూలు కాదు. ఆపేయండి. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకి వెళ్లడం మన దగ్గర చాలా మామూలైపోయింది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి, ఒంట్లో నీళ్లు తగ్గిన సమయంలో, కిడ్నీలకి చేటు.

దారి విషయం. రోడ్డుకి కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనపడేలా పరిగెత్తండి. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు వద్దు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, వాటి వైపు తిరిగి, మెల్లగా నడుచుకుంటూ తప్పుకోండి. వాటికి నచ్చనిది మన పరుగే. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి, దానికి సెలవు దొరకలేదనే మాట ఉండదు.

హైదరాబాద్ రేసు ఎందుకు మొదటి ఫుల్‌కి సరిపోదంటానో కూడా చెప్పాలి. ఇటీవలి ఏళ్లలో ఫుల్, హాఫ్ రెండూ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తున్నాయి. మొదట్లో హుస్సేన్ సాగర్ గాలికి, చదును రోడ్డుకి అందరూ గుర్రాల్లా పోతారు. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. ఆగస్టు ఉక్కపోత సరేసరి. నా మొదటి హాఫ్‌లో మొదటి ఐదు కిలోమీటర్లు నా జీవితంలోకెల్లా వేగంగా పరిగెత్తాను. చివరి ఐదు నడిచాను. కరకట్ట మీద చదునుగా ప్రాక్టీసు చేసి ఇక్కడికి వచ్చేవాళ్లకి పిక్కలు చెప్పే కథ వేరుగా ఉంటుంది. మీకు కొండలకి కరువు లేదు కదా, బండ్లు తక్కువుండే ఎత్తు దారి ఒకటి చూసుకుని జూలైలో వారానికోసారి మెల్లగా ఎక్కి, నడుచుకుంటూ దిగండి. టెన్ కె దారి వేరుగా ఉంటుంది, ఆ ఏడాది మ్యాప్, కటాఫ్ సమయం (పరుగు ముగించాల్సిన గడువు) ముందే చూసుకోండి.

హాఫ్‌కి ఏడాది చివర్లో విశాఖలో జరిగే వైజాగ్ నేవీ మారథాన్ మీకు దగ్గర. ఫుల్‌కి ముంబై మంచిదంటాను, జనవరి మూడో ఆదివారం, జనం రోడ్డుకి రెండు వైపులా నిలబడి బిస్కెట్లు, నారింజ తొనలు చేతికిస్తారు. పెడ్డర్ రోడ్డు ఎత్తు మాత్రం చివర్లో, సరిగ్గా కాళ్లు చచ్చిపోయాక వస్తుంది. నేను ప్రతిసారీ అక్కడ నడిచాను. ఫుల్ ట్రైనింగ్‌కి హాఫ్ సుఖంగా చేయగలిగిన స్థితి నుంచి ఇంకో 16–20 వారాలు పెట్టుకోండి. అతి పెద్ద లాంగ్ రన్ 30–32 దాటక్కర్లేదు. చివరి రెండు మూడు వారాలు దూరం బాగా తగ్గించాలి. దాన్ని టేపర్ అంటారు. ఆ రోజుల్లో ఒళ్లు దురదపెట్టినట్టు, లేని నొప్పులన్నీ ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లని ముందే హెచ్చరించండి.

మీ అసలు టెన్షన్ ఆఫీసులో ఫుల్ అని చెప్పేశానే అన్నది కదా. దానికి బెంగ వద్దు. మన దగ్గర ఐదు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చినా "మారథాన్ చేశాడు" అనే అంటారు. టెన్ కె మెడల్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి, ఎన్ని కిలోమీటర్లని ఒక్కరూ అడగరు. అడిగినవాడు ఉంటే వాడు రన్నర్ అయి ఉంటాడు, ఆదివారం వాడితో కలిసి వెళ్లండి.